బొలివర్ కౌంటీ షెరీఫ్, పత్తి రైతు: బ్లాంచ్ కె. బ్రూస్

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఒక రైతు కౌంటీ (మన జిల్లా లాంటిది) రాజకీయాల్లో ఎలా ఎదిగేవాడు, అతని పలుకుబడి దేనిమీద నిలిచేదని అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చే పేరు బ్లాంచ్ కె. బ్రూస్. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మిసిసిపీ డెల్టాలో, అంటే ఆ రాష్ట్రపు వాయవ్య ప్రాంతంలో, ఉన్నందువల్ల, ఆయన పనిచేసిన బొలివర్ కౌంటీని దగ్గరగా చూశాను.

1841లో వర్జీనియాలో బానిసగా పుట్టిన బ్రూస్, అంతర్యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు మిసిసిపీ చేరి, పన్ను మదింపు అధికారిగా మొదలై, 1871లో షెరీఫ్‌గా ఎన్నికయ్యాడు. షెరీఫ్ అనగానే మనకు తుపాకీ, గుర్రం మెదులుతాయి గాని, అక్కడ అసలు బలమంతా ఖజానాలో ఉండేది. పన్ను వసూలు కూడా ఆయన చేతిలోనిదే. అయితే ఆ కుర్చీలో కూర్చోవాలంటే ముందు పెద్ద మొత్తానికి పూచీకత్తు చూపాలి. నిన్నమొన్నటిదాకా బానిసలుగా బతికినవారిలో అంత ఆస్తి ఎవరికుంటుంది? బ్రూస్‌కు తెల్లజాతి భూస్వాములే జామీను నిలిచారు. తెల్లజాతివారితో సర్దుకుపోయే ఆయన మితవాదాన్ని తప్పుపట్టేవారు ఈ సంగతినీ లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

కౌంటీ విద్యాధికారిగా బడులు పెట్టించాడు, కరకట్టల బోర్డులోనూ ఉన్నాడు. ఈ రెండో పదవి చిన్నదేమీ కాదు. అప్పట్లో ఫ్లోరీవిల్ అనిపించుకున్న నేటి రోజ్‌డేల్ దగ్గర కరకట్ట ఎక్కి చూస్తే, ఒకవైపు నదిని దాచేసే చెట్ల గుబురు, మరోవైపు చూపు ఆనినంత మేర మిట్టపల్లాలు లేని చేను కనిపిస్తాయి. గండి పడితే ఆ ఏటి పంటతోపాటు పన్ను రాబడి కూడా కొట్టుకుపోయేదని అక్కడ నిలబడితే ఎవరూ చెప్పనక్కర్లేదు.

బ్రూస్ అక్కడే పత్తి భూములు కొని భూస్వామి అయ్యాడు. వాటిని సాగుచేసింది కౌలుకు దిగిన నల్లజాతి కుటుంబాలే కావడం కొందరికి మింగుడుపడదు, నాకూ అంతే. ఏమైనా, 1875లో ఆయన అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టి పూర్తి ఆరేళ్ల పదవీకాలం గడిపిన తొలి నల్లజాతి సభ్యుడయ్యాడు. సరిగ్గా అదే ఏడు మిసిసిపీ ఎన్నికల్లో నల్లజాతి ఓటర్లను హింసతో బెదిరించి బ్రూస్ పార్టీ అయిన రిపబ్లికన్లను ఓడించారు; 1876లో ఆయన సెనేట్‌లో దానిపై విచారణ కోరాడు. చివరికి 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగం తలపన్ను, అక్షరాస్యత పరీక్షల పేరుతో ఆయనను గెలిపించిన ఓటర్లలో అత్యధికుల పేర్లను జాబితాల నుంచి తొలగించింది.