పూల్ నిచ్చెన పట్టుకుంటే జివ్వుమంటోంది, కాంట్రాక్టర్ నాకేం సంబంధం అంటున్నాడు

ప్రశ్న: మాది టెక్సస్‌లోని ఫ్రిస్కో. కిందటి వేసవిలో పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నాం. ఈమధ్య తడి చేత్తో స్టీలు నిచ్చెన పట్టుకుంటే జివ్వుమంటోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, నిచ్చెనకు బాండింగ్ తీగే లేదనీ, మోటారుకు వెళ్లే కరెంటు తీగల పీవీసీ పైపు గడ్డి కింద ఆరంగుళాల లోతులోనే ఉందనీ చెప్పాడు. కాంట్రాక్టరేమో ‘సిటీ ఇన్‌స్పెక్షన్ పాసైంది, నాకేం సంబంధం’ అంటున్నాడు. వేరేవాళ్లతో బాగు చేయించి ఆ ఖర్చు అతని దగ్గర రాబట్టవచ్చా?

జవాబు: రాబట్టవచ్చు. కాకపోతే ముందు నోటీసు, ఆ తర్వాతే రిపేరు. ఇవాళే మోటారు, లైట్ల బ్రేకర్లు ఆపేసి పూల్ గేటుకు తాళం వేయండి. బ్రేకర్లు ఆపాం కదా అని పిల్లల్ని నీళ్లలోకి దింపకండి. కారణం కింద చెబుతాను.

బాండింగ్ అంటే మన ఊళ్లో ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోసే ఎర్త్ గొయ్యి లాంటిది కాదు. పూల్ కాంక్రీటు లోపలి ఇనుప ఊచలు, నిచ్చెన, మోటారు బాడీ, చుట్టూ ఉన్న గచ్చు, చివరికి నీళ్లు కూడా ఒకే వోల్టేజిలో ఉండేలా అన్నింటినీ ఒకదానితో ఒకటి కలపడం. అమెరికాలో వైరింగ్ నిబంధనల పుస్తకమైన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 680వ ఆర్టికల్ ప్రకారం ఆ తీగ 8 గేజి ఏకతీగ రాగిదైనా ఉండాలి, అంతకంటే లావుదైనా ఉండాలి. నిచ్చెనను వదిలేశారంటే లోపం స్పష్టమే.

పైపు సంగతి కొంచెం జాగ్రత్త. మామూలు నేలలో పీవీసీ పైపు మీద 18 అంగుళాల మట్టి ఉండాలి. మందపాటి ఇనుప (రిజిడ్) పైపైతే 6 చాలు. పైన కనీసం 4 అంగుళాల కాంక్రీటు పలక ఉండి, దాని మీద బండ్లు తిరగకపోతే పీవీసీకీ 4 అంగుళాలే చాలు. అవతలి వకీలు మొదట పట్టుకునేది దీన్నే. మీది గడ్డి కింద కాబట్టి ఆ మినహాయింపు పనికిరాదు. పైపు పై అంచు నుంచి నేల మట్టం దాకా టేపు పెట్టి ఫొటో తీయించండి. తవ్వేముందు భూమిలోని లైన్లకు గుర్తులు పెట్టించుకునే 811 నంబరుకు ఫోన్ చేసినా పూల్ లైన్లకు గుర్తు పెట్టరు, అవి ప్రైవేటువి.

ఇన్‌స్పెక్టర్ సంతకం కాంట్రాక్టర్ బాధ్యతను తుడిచేయదు. సిటీ మీద కేసు ఆలోచన మాత్రం మానేయండి, ప్రభుత్వ సంస్థలకున్న చట్టరక్షణ ముందు అది నిలవడం కష్టం.

టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 27వ అధ్యాయం ఇంటికి అనుబంధంగా కట్టిన పూల్‌కూ వర్తిస్తుంది. దావాకు కనీసం 60 రోజుల ముందు, లోపాలు వివరంగా రాసి సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది) నోటీసు పంపాలి. అది అందాక 35 రోజుల్లోపు వచ్చి చూసుకునే అవకాశం కాంట్రాక్టర్‌కు ఉంటుంది. ఆలోపు అంతా తవ్వి మార్పించేస్తే, ‘నేను చూడనే లేదు’ అని వాదిస్తాడు. నోటీసు ఇవ్వకుండా దావా వేస్తే కోర్టు కూడా కేసును కొంతకాలం ఆపవచ్చు.

ఎలక్ట్రీషియన్ నోటిమాట చాలదు, రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. ఇంటి మెయిన్ మొత్తం ఆపి నిచ్చెన దగ్గర వోల్టేజి కొలవమనండి. అప్పుడూ ఉంటే కరెంటు బయటి సరఫరా లైను నుంచి వస్తున్నట్టు. పిల్లల్ని దింపొద్దన్నది అందుకే. ‘తప్పు విద్యుత్ కంపెనీది’ అని కాంట్రాక్టర్ చెయ్యి దులుపుకోబోతాడు. అలాంటి వోల్టేజి మనిషిని తాకకుండా చూసేదే బాండింగ్ అని మీ జవాబు.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) షరతు ఉందేమో చూడండి. ఉంటే కోర్టుకు బదులు అక్కడికే వెళ్లాల్సి రావచ్చు. ఒప్పంద ఉల్లంఘనకు నాలుగేళ్లు, వినియోగదారుల మోసాల చట్టం కింద రెండేళ్లు గడువు. టెక్సస్‌లో పూల్ కట్టేవాడికి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు కానీ, దాని కరెంటు పని చేసేవాడికి కావాలి. ఆ పని ఎవరు చేశారో పర్మిట్ కాగితాల్లో చూసి లైసెన్సు సరిచూడండి.

ఇంకొకటి, పూల్ కడుతున్నప్పుడు ఊరికి అమ్మానాన్నలకు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు వెతకండి. కాంక్రీటు కొట్టకముందు ఊచలకు రాగి తీగ, క్లాంపు ఉన్నాయో లేదో ఇక తవ్వకుండా చూపించగలిగేవి అవే.