రెండు గుర్రాల ట్రైలర్, ఏ సైజు తీస్కోవాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటామండీ. మా అమ్మాయి కోసం రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ జాతి గుర్రాన్ని తీస్కున్నాం, ఎత్తు 16.2 హ్యాండ్స్. సెకండ్ హ్యాండ్‌లో రెండు గుర్రాల ట్రైలర్ (బండి వెనక తగిలించి గుర్రాల్ని తీస్కెళ్లేది) చవగ్గా వస్తోంది, లోపల ఎత్తు ఆరున్నర అడుగులు. సరిపోతుందా?

జవాబు: వద్దండీ, ఎంత చవకైనా సరే. హ్యాండ్ అంటే 4 అంగుళాలు, 16.2లో చుక్క తర్వాత 2 అంటే రెండంగుళాలు (ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు), అంటే మీ గుర్రం 66 అంగుళాలు, అదీ మూపు దాకానే, మెడా తలా ఆ పైన. 78 అంగుళాల కప్పు కింద తలెత్తిందంటే తగుల్తుంది, ఒకసారి దెబ్బ తిన్నాక మళ్లీ ఎక్కమంటే మొరాయిస్తుంది, ఇక ఆ తిప్పలు మీవే. కనీసం 7 అడుగులు, దొరికితే ఏడున్నర చూడండి. వెడల్పు 6 అడుగులుంటే మేలు, బండి కదుల్తుంటే కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకోవాలి కదా పాపం.

ఇంక బరువు. ఖాళీ ట్రైలరే 3,000 పౌండ్ల దాకా ఉంటుంది, రెండు గుర్రాలు ఇంకో 2,200, గడ్డీ నీళ్లూ జీనులూ కలిపితే 6,000 దగ్గరికి పోతుంది, మీ బండి టోయింగ్ కెపాసిటీ (వెనక లాగగలిగే బరువు) అంతకంటే బాగా ఎక్కువుండాలి. ఆ ట్రైలర్ మొత్తం బరువులో 10-15 శాతం హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం) మీదే పడుతుంది, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌లో పేలోడ్ (బండి తన మీద మోయగలిగే బరువు) కూడా చూస్కోండి.

ఏది కొన్నా ముందు రబ్బరు మ్యాట్ ఎత్తి, కింద చెక్క పుచ్చిందేమో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి.