నవ్వినా “మాత్ర వేసుకున్నావా?” అంటున్నారు

ప్రశ్న: నాకు 48 సంవత్సరాలు. ఇంటి ముందుగదిలో కుట్టుపని చేసుకునేదాన్ని. నాలుగేళ్ళ క్రితం పదిరోజులు సరిగా నిద్రపోకుండా తిరిగి, చీటీ పాడిన డబ్బంతా ఆరు కుట్టుమిషన్లకు అడ్వాన్సుగా ఇచ్చేశాను. ఆ తరువాత ఆరునెలలు మంచం దిగలేదు. బైపోలార్ జబ్బని, అంటే విపరీతమైన హుషారూ కుంగుబాటూ మారిమారి వచ్చే జబ్బని చెప్పి డాక్టరుగారు లిథియం మాత్రలు రాశారు. రెండేళ్ళుగా బాగున్నాను. అయినా కాస్త గట్టిగా నవ్వితే చాలు, మావారూ అబ్బాయీ “మాత్ర వేసుకున్నావా?” అని అడుగుతారు. ఏటీఎం కార్డు మావారి దగ్గరే ఉంది. తగ్గిపోయాక ఇంకా మందులెందుకని మా వదినగారు అంటున్నారు. కుట్టుపని మళ్ళీ మొదలుపెట్టవచ్చా? మరొక మాట, బీపీ ఉందని నెలరోజులుగా చప్పిడి తిండి తింటున్నాను. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి బిళ్ళలు తెచ్చుకుంటున్నాను. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించబోతే చేతులు వణుకుతున్నాయి.
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీరు ‘మరొక మాట’ అంటూ చివర రాసిన దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటికన్నా ముందు చూడవలసింది అదే. లిథియం కూడా ఒక లవణమే. తిండిలో ఉప్పు ఒక్కసారిగా తగ్గితే మూత్రపిండాలు ఉన్న ఉప్పును పట్టి ఉంచుకుంటూ, దానితోపాటు లిథియాన్ని కూడా ఒంట్లోనే నిలిపేస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్ళలు కూడా అది బయటికి పోకుండా అడ్డుపడతాయి. ఎండాకాలం చెమటలు, వాంతులు, విరేచనాలు తోడైతే మరీ ప్రమాదం. సన్నని వణుకు లిథియం వాడే చాలామందిలో ఉండేదే అయినా, చప్పిడి తిండీ నొప్పి బిళ్ళలూ మొదలైన నెలలోనే అది కనిపించినప్పుడు తేలికగా తీసుకోకూడదు. షాపులో కొన్న బిళ్ళలు ఆపండి, రేపే మీ మానసిక వైద్యుణ్ణి కలిసి రక్తంలో లిథియం పరీక్ష చేయించుకోండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మామూలుగా అది లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. ఈలోగా నడక తూలినా, మాట తడబడినా, వాంతులైనా, చేతులు పెద్దగా వణికినా తరువాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. బీపీ చూసే డాక్టరుకు లిథియం సంగతి తప్పక చెప్పండి, ఎందుకంటే కొన్ని బీపీ మందులు కూడా దాన్ని పెంచుతాయి. ఉప్పు ఎంత తినాలో ఇద్దరు డాక్టర్లూ కలిసి నిర్ణయించాలి. ఆ మోతాదు రోజుకొక తీరుగా మారకూడదు.

మీ వదినగారు ప్రేమతోనే అని ఉంటారు, కానీ లిథియాన్ని హఠాత్తుగా మానేసినవారిలో జబ్బు, ముఖ్యంగా ఉన్మాద దశ (మీరు నిద్రలేకుండా తిరిగిన ఆ పదిరోజుల వంటిది), తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ. మందు తగ్గించాలన్నా మార్చాలన్నా డాక్టరు పర్యవేక్షణలో వారాలు, నెలల మీద జరగవలసిన పని. ఆరునెలలకొకసారి థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు కూడా చేయించుకుంటూ ఉండండి. మీ వయసులో లిథియం వాడే స్త్రీలలో థైరాయిడ్ మందగించడం తరచుగా చూస్తాం, ఆ నీరసాన్ని కుంగుబాటు తిరిగి వచ్చిందని పొరబడే ప్రమాదం ఉంది. నెలసరి ఆగిపోయే ఈ రోజుల్లో ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి నిద్ర చెడిపోతూ ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే ఈ జబ్బును రేపేవాటిలో నిద్రలేమి ముఖ్యమైనది.

ఇక మీ నవ్వు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. మీవారూ అబ్బాయీ భయపడి అడుగుతున్నారే తప్ప మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదు, అయినా ప్రతి సంతోషాన్నీ జబ్బు లెక్కలో వేస్తే మనిషి నవ్వడమే మానేస్తుంది. మీరు బాగున్న ఈ రోజుల్లోనే ముగ్గురూ కూర్చుని ఒక కాగితం మీద గుర్తులు రాసుకోండి: వరుసగా రెండు రాత్రులు మూడు నాలుగు గంటలే పడుకున్నా అలసట లేకపోవడం, అర్ధరాత్రి ఫోన్లు చేయడం, ఎవరితోనూ చెప్పకుండా పెద్ద మొత్తాలు ఇచ్చేయడం. వీటిలో ఏది కనిపించినా అడిగే హక్కు వారిది, అడిగితే మీతో డాక్టరు దగ్గరకు వస్తానని ఒప్పుకోవడం మీ వంతు. వాటిలో ఏదీ లేనప్పుడు మాత్రల మాట ఎవరూ ఎత్తకూడదు. జబ్బు తిరగబెడితే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి ఇచ్చే హక్కునూ, మీ తరఫున నిలబడే మనిషిని మీరే ఎంచుకునే హక్కునూ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఇచ్చింది. ఏటీఎం కార్డు విషయంలో మాత్రం మీవారి జాగ్రత్త నాకు అర్థమవుతుంది. తక్కువ మొత్తం ఉండే వేరే ఖాతాతో మొదలుపెట్టి, నెలలు గడిచేకొద్దీ పెంచుకుంటూ పోవచ్చు. రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా దిక్కుతోచకపోతే మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

లిథియం పరీక్ష ఫలితం సరిగా ఉండి వణుకు తగ్గాక కుట్టుపని తప్పక మొదలుపెట్టండి. ఇంట్లో ఉన్న ఒక్క మిషన్ చాలు. మొదటి రెండు నెలలు పగటి వెలుతురులో అయ్యే పనే ఒప్పుకోండి. దసరాకూ సంక్రాంతికీ, పెళ్ళిళ్ళ సీజనుకూ రాత్రంతా మేలుకుని జాకెట్లు కుట్టి ఇచ్చే పాత అలవాటు మాత్రం ఇక వద్దు. ఎన్ని జాకెట్లు, ఏ తేదీకి ఇవ్వగలరో ముందే గోడమీద రాసిపెట్టి, ఆ పైన వచ్చినవారికి కాదని చెప్పండి.