హాలు మార్చుదామంటే అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు

ప్రశ్న: మా అత్తమామలు కట్టుకున్న పాత ఇంట్లో ఉంటున్నాం. హాల్లో గోడలకు ముదురు రంగు చెక్క పలకలు, ఒక గోడంతా షోకేసు. పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. మార్పిద్దాం అంటే అత్తయ్య ఏడుస్తారు. మామయ్య పోయి రెండేళ్లయింది. మా ఆయన నోరు విప్పరు. ఈ ఇంట్లో నా మాటకు విలువే లేదా?

జవాబు: మీరు కోరుకుంటున్నది న్యాయమే అమ్మా. రోజంతా చీకటి గదిలో మసలితే ఎవరికైనా చిరాకేస్తుంది. అయితే ఆ షోకేసును మామయ్య దగ్గరుండి చేయించి ఉంటే, మీరు 'పాతబడిపోయింది' అన్న ప్రతిసారీ ఆ మాట అత్తయ్యకు గుచ్చుకుంటుంది. ఒకరోజు ఆవిడ పక్కన కూర్చుని అది ఎప్పుడు చేయించారో, ఏ అరలో ఏం పెట్టుకునేవారో అడగండి. ఆ రోజు మాత్రం రంగుల ఊసెత్తకండి.

పనిలోకి వస్తే, నచ్చకపోతే వెనక్కి తీసుకోగలిగిన వాటితో మొదలుపెట్టండి. పైన ఒక్క ట్యూబ్‌లైటు బదులు రెండు మూడు చోట్ల దీపాలు పెట్టి, 2700 నుంచి 3000 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత, డబ్బా మీద ఉంటుంది) బల్బులు వేయండి. ఆ పసుపు వెలుగులో ముదురు చెక్క కూడా నిండుగా కనిపిస్తుంది. మందపాటి కర్టెన్లు తీసి పల్చనివి కట్టండి. సగం చిరాకు అక్కడే తగ్గొచ్చు.

చెక్కకు పెయింటు చివరి మాట. ఒకసారి వేశాక పాత పాలిష్ తిరిగి తేవడం చాలా కష్టం. మంచి చెక్కను పెయింటుతో కప్పేయడం నాకైతే మనసొప్పదు. అందరూ సరేనంటే జిడ్డు కడిగి, గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, మరకలు పైకి రానివ్వని ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేయించండి. లేకపోతే తెల్లరంగు మీద పసుపు మరకలు తేలతాయి. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, ఆ పొడి చిన్నపిల్లలకు మరీ ప్రమాదం. కాబట్టి రుద్దించే, గీకించే ముందే పరీక్ష చేయించండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి అనుమతీ కోసం ఆగొద్దు. ఎర్తింగ్ లేని ప్లగ్గులున్నా, స్విచ్‌బోర్డు ముట్టుకుంటే వేడిగా ఉన్నా వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇక మీవారి సంగతి. ఆయన మౌనం వల్లే మీరూ అత్తయ్యా ఎదురెదురుగా నిలబడాల్సి వస్తోంది. "నా పక్షాన వాదించక్కర్లేదు, అమ్మతో ముందు మీరు మాట్లాడండి, నేను తర్వాత వస్తాను" అని సూటిగా చెప్పండి. తండ్రి పోయిన బాధ ఆయనకూ ఉంటుంది, అది బయటికి రావడానికి కూడా ఇదొక దారి.

షోకేసు తీయక తప్పదనుకుంటే, అందులో ఒక అరో, అద్దం తలుపో ఆవిడ గదిలో బిగించవచ్చు. ఏది ఉంచుకోవాలో ఆవిడే చెప్పాలి. అసలు వద్దే వద్దంటే ఈ ఏడాదికి దాని జోలికి వెళ్లకండి. లోపల చిన్న లైటు పెట్టించి, అరల్లో సగం ఖాళీ చేయించండి. ఆ ఖాళీ చేసే పని మీరిద్దరూ కలిసి చేయండి.