నెదర్లాండ్స్‌ను నీటి దగ్గర నుంచి తెలుసుకోండి

చదువు కోసం నెదర్లాండ్స్‌కు రాబోతున్న తమరు, ఈ దేశ చరిత్రనూ ఆర్థిక వ్యవస్థనూ ఎక్కడి నుంచి తెలుసుకోవడం మొదలుపెట్టాలని అడిగారు. తొమ్మిదేళ్లుగా డెల్ఫ్ట్‌లో ఉంటున్న నేను, రాజుల కన్నా ముందు నీటి గురించి చదవమంటాను.

వచ్చిన కొత్తలో సైకిలు మీద ఊరి బయటికి వెళ్తే, ఎడమ పక్క కాలువలో పడవ పోతోంది, కుడి పక్క ఆవులు మేస్తున్న బయలు ఆ నీటిమట్టానికి మనిషి లోతు కింద ఉంది. నేను కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి. మాకు కాలువ నీరు చేలోకి పారడం తెలుసు గానీ, చేలోని నీటిని పైకి తోడి కాలువలో పోయడం ఇక్కడే చూశాను. దేశంలో దాదాపు 26 శాతం నేల సముద్రమట్టానికి దిగువన ఉంది. ఒకరి గట్టు తెగితే పక్కవాడి చేను కూడా మునుగుతుంది కాబట్టి, 13వ శతాబ్దం నాటికే రైతులు నీటి మండళ్లు ఏర్పరచుకున్నారు. ఇప్పటికీ అటువంటివి 21 ఉన్నాయి; వాటికి సొంత పన్నులు, సొంత ఎన్నికలు. 2023 మార్చిలో, పౌరసత్వం లేని నాకు కూడా ఆ ఎన్నికల ఓటు చీటీ పోస్టులో వచ్చింది.

ఇక చరిత్రకు వస్తే, 1568లో స్పెయిన్ రాజుపై మొదలైన తిరుగుబాటు 1648లో స్వాతంత్ర్యపు గుర్తింపుతో ముగిసింది. ఆ యుద్ధం నడుస్తుండగానే, 1602లో నెదర్లాండ్స్ వారి, అంటే హాలండువారి, తూర్పు ఇండియా కంపెనీ పుట్టింది. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో దాని వాటాలు కొన్నవారిలో ఇంటిపని చేసే ఒక స్త్రీ కూడా ఉంది. కొద్ది ఏళ్లకే ఆ కంపెనీ మన బందరులో అద్దకం బట్టల వ్యాపారం పెట్టింది. అక్కడి వలందపాలెం పేరు ఆ హాలండువారిదే. అయితే ఇదే కంపెనీ 1621లో జాజికాయ కోసం ఇప్పటి ఇండోనేషియాలోని బాందా దీవుల ప్రజలను ఊచకోత కోసింది. వలసరాజ్యాల్లో బానిసత్వం 1863 వరకు సాగింది, 2023లో నెదర్లాండ్స్ రాజు అందుకు క్షమాపణ కోరారు. ఈ భాగాన్ని దాటవేసి సంపద గురించి చదవకండి.

ఆర్థిక వ్యవస్థలో రోటర్‌డ్యామ్ రేవు, వెల్డ్‌హోవెన్‌లో కంప్యూటర్ చిప్‌లు చేసే యంత్రాల తయారీ అందరికీ తెలిసినవే. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది 1982 నాటి వాసెనార్ ఒప్పందం. 1959లో గ్రోనింగెన్‌లో దొరికిన గ్యాస్ ఎగుమతులతో కరెన్సీ విలువ పెరిగి ఇతర పరిశ్రమలు దెబ్బతిన్నాయి, నిరుద్యోగం ముదిరింది. అప్పుడు ఆ ఒప్పందం ప్రకారం కార్మిక సంఘాలు వేతనాల పెంపు తగ్గించుకోగా, యజమానులు పనిగంటలు తగ్గించారు. పగవాళ్లయినా గట్టు కోసం కలిసి కూర్చునే పాత అలవాటే అక్కడ పనిచేసిందని ఇక్కడివారు చెబుతారు, నేనూ నమ్ముతాను.

వచ్చాక ఒక ఆదివారం జీలాండ్‌లోని అవెర్‌కెర్క్ వెళ్లండి. 1953 ఫిబ్రవరి వరదలో ఈ దేశంలో 1,836 మంది చనిపోయారు. ఆ నవంబరులో చివరి గండిని పూడ్చిన కాంక్రీటు పెట్టెల లోపలే ఇప్పుడు ఆ వరద మ్యూజియం ఉంది.