మాన్‌స్ప్లెయినింగ్ అంటే ఏమిటి? మగవారు ఏది వివరించినా ఆ మాట అనవచ్చా?

అనకూడదు. ఎదుటి స్త్రీకి ఆ విషయం తనకంటే బాగా తెలిసి ఉండవచ్చన్న అనుమానమైనా లేకుండా, ఆమె అడగనిదాన్ని పురుషుడు పెద్దరికం ఒలకబోస్తూ వివరించడాన్నే మాన్‌స్ప్లెయినింగ్ అంటారు. తాతకు దగ్గులు నేర్పడం అన్న మన సామెతలో ఇందులో సగం ఉంది. ఆడమనిషి కాబట్టి తెలిసి ఉండదని ముందే తీర్మానించుకోవడం మిగతా సగం.

అమెరికా రచయిత్రి రెబెకా సోల్నిట్ 2008లో రాసిన ఒక వ్యాసం ఈ మాటకు దారి తీసింది. ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ మీద కొత్తగా వచ్చిన ముఖ్యమైన పుస్తకం గురించి ఒక పెద్దమనిషి ఆమెకు ఉపన్యాసం ఇస్తూ ఉంటే, అది రాసింది ఈమేనని పక్కనున్న స్నేహితురాలు మూడు నాలుగుసార్లు చెప్పేదాకా ఆయన చెవికెక్కలేదట. పైగా ఆయన ఆ పుస్తకం చదవలేదు, పత్రికలో దాని సమీక్ష మాత్రమే చదివాడు! ఈ మాట ఆ వ్యాసంలో లేదు. తర్వాత కొద్దికాలానికే ఇంటర్నెట్‌లో పుట్టింది. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన మాక్వారీ నిఘంటువు దీన్ని ఆ ఏటి మాటగా ఎంపిక చేసింది.

ఇలాంటిది నాకూ ఎదురైంది. మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు ప్రాంతం, బత్తాయి తోట. పట్టా నా పేరు మీదనే ఉంది, సాగు కూడా నేనే చూసుకుంటాను. ఒక ఏడాది వానల తర్వాత కొన్ని చెట్ల మొదళ్ల నుండి బంక కారడం చూసి, ఆ తెగులుకు వాడే మెటలాక్సిల్ కలిసిన మందు ఉందా, ధర ఎంత అని ఒక ఎరువుల దుకాణంలో అడిగాను. దుకాణదారు నన్ను దాటి, బండి నడపడానికి నాతో వచ్చిన మా తమ్ముడి వైపు తిరిగి, "చూడు తమ్మీ, దీన్ని బంక తెగులంటరు" అని మొదలుపెట్టాడు. మా తమ్ముడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, బత్తాయి ఆకుకూ నిమ్మ ఆకుకూ తేడా చెప్పలేడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో బోర్డో పేస్టు కలిపి మొదళ్లకు పూయాలని దుకాణదారు చెప్పింది నిజమే. అయితే ఆ రెండింటినీ ఇనుప పాత్రలో కలపకూడదన్న సంగతి గానీ, చాకును ముంచి చూసినప్పుడు దాని మీద ఎర్రగా రాగి పూత పడితే ఇంకా సున్నం కలపాలన్న సంగతి గానీ ఆయన ఎత్తలేదు, నన్ను చెప్పనివ్వనూ లేదు. ధర మాత్రం చివరికి కూడా తమ్ముడికే చెప్పాడు.

అడిగింది ఒకరైతే జవాబు మరొకరికి వెళ్లడం, నా లెక్కలో, ఈ గుణానికి అన్నిటికన్నా స్పష్టమైన గుర్తు.

అదే తెగులు గురించి తర్వాత తోటకు వచ్చిన ఉద్యాన శాఖ అధికారి దుకాణదారుకంటే ఎక్కువసేపే మాట్లాడారు. ఆయనా మగవారే. కానీ ముందుగా మొక్కలను రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టారా, జంబేరి నిమ్మ మీదనా, పాదుల్లో నీరు మొదలుకు తగులుతోందా అని నన్ను అడిగి, నేను చెప్పినది విని, నాకు తెలియని దగ్గర నుండే అందుకున్నారు. దాన్ని మాన్‌స్ప్లెయినింగ్ అనడం అన్యాయం.

మరో చిక్కు కూడా ఉంది. ఆ దుకాణదారే ధోవతి కట్టుకొని వచ్చిన ముసలి రైతుతో కూడా "నీకేం ఎరుక పెద్దాయనా" అనడం నేను చూశాను. అది చులకన, చదువూ హోదా చూసి చేసేది. దానికి ఈ మాట అతకదు. మా వైపు కొత్తగా ఈ మాట నేర్చుకున్న అమ్మాయిలు తండ్రి జాగ్రత్త చెప్పినా ఇదే అనేస్తున్నారు, నాకది నచ్చదు. నిజంగా ఆ పరిస్థితి ఎదురైనప్పుడు మాత్రం ఆ ఇంగ్లీషు మాట ఎదుటివారికి అర్థం కాదు కనుక, "ఆ సంగతి నాకు ఎరుకే అన్నా, అడిగింది నేను, నాకు చెప్పు" అంటే సరిపోతుంది.