కొత్త ల్యాప్‌టాప్‌కి అప్పు ఇప్పుడే వద్దు, ముందు ఒక పెన్ డ్రైవ్ కొనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ 10 తెరుచుకోవడానికే చాలాసేపు పడుతుంది. కొత్తది కొనమంటోంది. నేను కౌలు రైతుని, అప్పు చేస్తే తప్ప కొనలేను. పెన్ డ్రైవ్‌లో లైనక్స్ వేసుకుని అదే ల్యాప్‌టాప్ మీద నడుపుకోవచ్చని వాళ్ల సీనియర్ చెప్పాడట. అది ఉద్యోగానికి పనికొస్తుందా? – ఒక తండ్రి, మంచిర్యాల జిల్లా

జవాబు: పనికొస్తుందండీ. ఆ సీనియర్ మంచి మాటే చెప్పాడు. లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే సిస్టమ్, ఉచితంగా దొరుకుతుంది. మంచి కంపెనీది 32 జీబీ యూఎస్‌బీ 3.0 పెన్ డ్రైవ్ ఒకటి కొనివ్వండి. అప్పు సంగతి తర్వాత చూద్దాం.

ల్యాప్‌టాప్ పాడవుతుందేమో అన్న భయం ఇంట్లో ఉంటే పిల్ల దాన్ని ధైర్యంగా ముట్టుకోదు. అందుకని ఇది ఎలా పనిచేస్తుందో ముందు మీకు చెబుతాను. మామూలుగా ఆన్ చేయగానే లోపలి హార్డ్ డిస్క్ నుంచి విండోస్ వస్తుంది. ఆన్ అయ్యేటప్పుడు బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) తెరిచి పెన్ డ్రైవ్‌ని ఎంచుకుంటే, అందులోని లైనక్స్ నడుస్తుంది. బూట్ మెనూకి డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. పని అయ్యాక షట్‌డౌన్ చేసి పెన్ డ్రైవ్ తీసేస్తే మీ విండోస్, ఫొటోలు, కాగితాల స్కాన్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. లైనక్స్ తెర మీద ‘ఇన్‌స్టాల్’ అని ఒక గుర్తు కనిపిస్తుంది. తెలియకుండా దాన్ని నొక్కి ముందుకు వెళితే హార్డ్ డిస్క్ చెరిగిపోవచ్చు. ముఖ్యమైన ఫైళ్లు ముందే ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి.

ఇక లైనక్స్‌లో చాలా రకాలున్నాయి, ఏది వాడాలన్నది ప్రశ్న. పెన్ డ్రైవ్ అనగానే చాలామంది పప్పీ లైనక్స్ పేరు చెబుతారు. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన సిస్టమ్ అది. చాలా చిన్నది, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కిపోయి చకచకా నడుస్తుంది. బాగా పాత మెషీన్‌కి ప్రాణం పోయడానికి మంచిదే. కానీ ఉద్యోగం కోసం నేర్చుకునే పిల్లకి నేను దాన్ని చెప్పను. అందులో మామూలుగా అన్ని పనులూ రూట్ యూజర్‌గానే, అంటే ఏదైనా మార్చగల పూర్తి అధికారంతోనే జరుగుతాయి. కంపెనీ సర్వర్‌లో ఎవరికి ఎంత అనుమతి ఉండాలన్నదే మొదటి పాఠం. ఆ అలవాటు మొదటి రోజు నుంచే పడాలి. యాంటీఎక్స్ అనే ఇంకో లైనక్స్ కూడా తేలికైనదే, కానీ కంపెనీల సర్వర్లలో ఎక్కువగా ఉండే సిస్టమ్‌డీ (సిస్టమ్‌లోని సేవలను మొదలుపెట్టి నడిపించే భాగం) అందులో ఉండదు. 4 జీబీ ర్యామ్‌కి లుబుంటు సరిపోతుంది. అది బాగా వాడుకలో ఉన్న ఉబుంటు లైనక్సే, తెర మాత్రం తేలికైనది. అక్కడ నేర్చుకున్న కమాండ్లు ఉబుంటు సర్వర్‌లోనూ అలాగే పనిచేస్తాయి.

విండోస్ ఉన్న కంప్యూటర్‌లో రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్ డ్రైవ్ తయారుచేసుకోవచ్చు. అప్పుడు పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడమనండి. చాలామంది వదిలేసేది పర్సిస్టెన్స్, అంటే చేసిన పని పెన్ డ్రైవ్‌లోనే నిలిచి ఉండే ఏర్పాటు. రూఫస్‌లో దానికి కొంత జాగా కేటాయించకపోతే, షట్‌డౌన్ చేసిన ప్రతిసారీ రాసిన ప్రోగ్రాములు, వేసుకున్న సాఫ్ట్‌వేర్ అన్నీ మాయమవుతాయి. పది జీబీ ఇస్తే ప్రోగ్రాములు రాయడానికి కావలసిన జీసీసీ, పైథాన్, గిట్ హాయిగా పడతాయి. సిస్టమ్ మొత్తాన్ని అప్‌గ్రేడ్ చేసే జోలికి మాత్రం పోవద్దనండి, ఆ జాగా ఊరికే నిండిపోతుంది. నడుస్తుండగా పెన్ డ్రైవ్ లాగేయకూడదు. పెన్ డ్రైవ్‌లు చెప్పాపెట్టకుండా చెడిపోతాయి కూడా. ఏ రోజు రాసిన కోడ్ ఆ రోజే ఇంటర్నెట్‌లో కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో పెట్టమనండి. రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి అదే ఆధారం.

ఇప్పుడు ఉద్యోగం మాట. క్లౌడ్ సపోర్ట్, లైనక్స్ అడ్మిన్, డెవాప్స్ అని ప్రకటనల్లో కనిపించే పనులన్నిటికీ పునాది లైనక్స్‌లో కమాండ్లు టైపు చేసే ఈ టెర్మినలే. డిస్కులు ఎలా కనిపిస్తున్నాయి, బూట్ ఎక్కడ ఆగింది, వైఫై ఎందుకు రావట్లేదు – పెన్ డ్రైవ్‌తో కుస్తీ పట్టేటప్పుడు వచ్చే ఈ చిక్కులే డ్యూటీలోనూ వస్తాయి. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్లు సర్టిఫికెట్ కోసం పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో ఆప్షన్లు చూసి టిక్కు పెట్టే ప్రశ్నలు ఉండవు. నడుస్తున్న సిస్టమ్ మీద పనులు చేసి చూపించాలి, రీబూట్ చేశాక కూడా అవి నిలబడాలి. బట్టీ పట్టి పాసయ్యే పరీక్ష కాదు. అందుకే అమీర్‌పేటలో ఏ కోర్సుకో ఫీజు కట్టే ముందు ఒక సెమిస్టర్ ఇంట్లోనే సాధన చేయనివ్వండి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో లైనక్స్ పాఠాలు ఉచితం. కొన్నిటికి తెలుగు ఆడియో కూడా ఉంది. ఆ సెమిస్టర్ తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే అప్పుడు ఫీజు కట్టినా దండగ కాదు.

పెన్ డ్రైవ్‌తో కానివీ ఉన్నాయి. ఎంఎస్ ఎక్సెల్ అందులో నడవదు. అలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌తో చాలావరకు సరిపెట్టుకోవచ్చు గానీ, ప్రాక్టికల్ పరీక్ష ఎక్సెల్‌లోనే ఉంటే కాలేజీ ల్యాబ్‌లో సాధన చేయాల్సిందే. ఆండ్రాయిడ్ యాప్‌లు చేయాలంటే 4 జీబీ ర్యామ్ అసలు చాలదు. కెమెరా పెట్టి రాయించే కొన్ని ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ పరీక్షలు విండోస్‌లోనే తెరుచుకుంటాయి. కాబట్టి విండోస్‌ని తీసేయకండి. కాకపోతే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, దాని మీద బ్యాంకు లావాదేవీలు చేయకపోవడం మంచిది.

కొన్నాళ్లకు చేతిలో కాస్త డబ్బు ఆడితే ముందు హార్డ్ డిస్క్ బదులు, దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగమే అవుతుంది, ఇదే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ మెరుగ్గా నడుస్తాయి. ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్ట్ ఏదో తేలాక, దానికి ఈ మెషీన్ నిజంగా చాలకపోతే అప్పుడు కొత్త ల్యాప్‌టాప్ గురించి ఆలోచించండి. అప్పటికి ఎంత ర్యామ్ కావాలో, దేనికి కావాలో మీ అమ్మాయే మీకు చెప్పగలుగుతుంది.